పాత సి10 ట్రక్కుకి ఎగ్జాస్ట్ లైను మొత్తం నేనే చేసుకున్నా: నా అనుభవం

నా దగ్గర 1970 మోడల్ షెవర్లే సి10 పికప్ ట్రక్కు ఉంది. 350 క్యూబిక్ ఇంచీల వీ8 ఇంజిన్, అంటే వీ ఆకారంలో వైపుకి నాలుగు చొప్పున ఎనిమిది సిలిండర్లు, మూడు గేర్ల ఆటోమేటిక్. బండి చేతికి వచ్చినప్పటి నుంచి మిగతావన్నీ ఒక ఎత్తు, దాని కింద ఉన్న పొగ గొట్టం ఒక ఎత్తు. ఎవరో ఎప్పుడో అతుకు మీద అతుకు వేసుకుంటూ పోయారు, ఒకచోట రేకు ముక్క చుట్టి రెండు క్లాంపులు బిగించి వదిలేశారు, సైలెన్సర్ అడుగు తుప్పు పట్టి వేలు పెడితే లోపలికి పోయేలా ఉంది, అన్నిటికన్నా భయం వేసిన విషయం ఏంటంటే పైపు వెనక బంపర్ దాకా పోకుండా తొట్టి కింద మధ్యలోనే ఆగిపోయింది. పాత ట్రక్కు కదా, ఫ్లోర్‌లో ఎక్కడో చిల్లులు ఉంటాయి, తలుపు రబ్బర్లు గట్టిపడిపోయి ఉంటాయి, ఆ పొగ అంతా నెమ్మదిగా క్యాబిన్‌లోకి చేరుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. అరగంట నడిపాక తల బరువెక్కడం మొదలయ్యేసరికి ఇంక ఆలోచించలేదు, బండి పక్కన పెట్టేసి మొత్తం కొత్తగా చేద్దామని నిర్ణయించుకున్నా.

రెడీమేడ్ కిట్లు దొరుకుతాయి, అది తెలుసు. కానీ నా బండికి ముందున్నవాళ్లు ఛాసిస్ మీద అక్కడక్కడా బ్రాకెట్లు వెల్డ్ చేసి ఉన్నారు, కిట్ తెచ్చినా ఎలాగూ కొయ్యాల్సిందే. పైగా నాకు మిగ్ వెల్డింగ్, అంటే గన్‌లోంచి వైరూ గ్యాసూ వస్తూ ఉండే రకం, కొంచెం వచ్చు. పల్చటి రేకు మీద చేయి బాగా తిరగాలంటే ఇంతకన్నా మంచి పని దొరకదు అనిపించింది.

ముందు పాతది ఊడదీయాలి కదా. చెప్పడానికి ఒక లైను, చేయడానికి రెండు రోజులు. సిలిండర్ల పొగని ఒక్కచోటికి చేర్చే మానిఫోల్డ్ కింద ఫ్లాంజ్‌కి (పైపు అతుక్కునే చదును అంచు) పైపుని పట్టుకునే మూడు స్టడ్లు (తల లేని బోల్టులు) ఉంటాయి, యాభై ఏళ్లు ఎర్రగా కాలి చల్లారి కాలి చల్లారి ఇనుమూ ఇనుమూ ఒకటైపోయి ఉంటాయి. మూడు రోజుల ముందు నుంచే పొద్దునా సాయంత్రం తుప్పు వదిలించే నూనె కొడుతూ వచ్చా. ఎడమ వైపు మూడూ వచ్చేశాయి. కుడి వైపు రెండు వచ్చాయి, మూడోది మాత్రం పానా వేసి కొంచెం తిప్పగానే మెత్తగా తిరిగింది, ఆ మెత్తదనం చేతికి తెలిసిన క్షణంలోనే అర్థమైంది విరిగిపోతోందని. ఆపేలోపే టక్కున విరిగింది, నాలుగు మిల్లీమీటర్ల మొండెం మాత్రం బయట మిగిలింది.

ఇక్కడ నన్ను కాపాడింది పాత పద్ధతే. ఆ మొండెం మీద దానికన్నా కొంచెం పెద్ద నట్టు ఒకటి పెట్టి, నట్టు మధ్య చిల్లులోంచి వెల్డింగ్ నింపి, రెండూ ఒక ముక్క అయ్యేలా చేశా. వెల్డింగ్ వేడి నేరుగా స్టడ్ లోపలికి దిగుతుంది, మర చుట్టూ పట్టిన తుప్పు పగులుతుంది. ఎరుపు పూర్తిగా పోయేదాకా ఆగి, పానా వేసి ఒకేసారి విప్పేయకుండా కొంచెం బిగించి కొంచెం వదిలి, కొంచెం బిగించి కొంచెం వదిలి అలా పది నిమిషాలు ఆడిస్తే కీచుమంటూ కదిలింది. మొదటి నట్టు ఊడిపోయింది, రెండో నట్టు పట్టుకుంది. బయటకి వచ్చిన ఆ స్టడ్‌ని ఇప్పటికీ టూల్ బాక్స్‌లో దాచుకున్నా.

ఇక డిజైన్ సంగతి. ఇంజిన్‌కి రెండు వైపులా రెండు మానిఫోల్డులు, కాబట్టి రెండు పైపులు, రెండు సైలెన్సర్లు, రెండూ వెనక ఇరుసు మీదుగా ఎక్కి దిగి వెనక చక్రాల వెనక నుంచి బయటకి. సైజు దగ్గర చాలామంది పెద్ద పైపు అయితే పవర్ ఎక్కువ అంటారు, ఇంకొందరు ఇంజిన్‌కి బ్యాక్ ప్రెషర్ (పొగ బయటకి పోకుండా వెనక్కి తోసే ఒత్తిడి) కావాలి అంటారు, నాకు రెండూ సరైనవి అనిపించలేదు. ఇంజిన్‌కి బ్యాక్ ప్రెషర్ అక్కర్లేదు, అది ఎప్పుడూ నష్టమే. కావాల్సింది వాయువు వేగం. పైపు మరీ పెద్దదైతే వాయువు నెమ్మదించి చల్లబడుతుంది, ఒక సిలిండర్ వదిలిన పొగ వెనకాలే తర్వాతి సిలిండర్ పొగని లాగే గుణం తగ్గుతుంది, కింది ఆర్‌పీఎంలో లాగుడు పోతుంది. నేను రేసుకి పోను, సరుకు వేసుకుని మామూలుగా తిరుగుతా. అందుకే రెండుంబావు ఇంచీల పైపు, అంటే 57 మిల్లీమీటర్లు, గోడ మందం 1.6 మిల్లీమీటర్ల దాకా ఉండేది తీసుకున్నా. లెక్క వేసి చూస్తే ఇలాంటి పైపులు రెండు కలిపితే లోపలి వైశాల్యం సుమారు 7 చదరపు ఇంచీలు, అదే మందంలో 3 ఇంచీల పైపు ఒక్కటి అయితే 6.5 దాకా. నా ఇంజిన్‌కి ఇది కావాల్సినంత.

మెటీరియల్ విషయంలో అల్యూమినియం పూత ఉన్న స్టీల్ ఎంచుకున్నా. మామూలు మైల్డ్ స్టీల్ చవక, వెల్డింగ్‌కి సులువు, కానీ తొందరగా తుప్పు పడుతుంది. 304 స్టెయిన్‌లెస్ చాలాకాలం ఉంటుంది, కానీ వేడికి ఎక్కువ సాగుతుంది, వెల్డ్ చేసేటప్పుడు పైపు లోపల కూడా ఆర్గాన్ గ్యాసు నింపకపోతే లోపలి వైపు నల్లగా పొక్కుతుంది, ఆ పని నా స్థాయికి అప్పటికి ఎక్కువ. 409 అని ఇంకో రకం స్టెయిన్‌లెస్ ఉంది, 11 శాతం దాకా క్రోమియం ఉంటుంది, కంపెనీ ఎగ్జాస్టుల్లో ఎక్కువగా వాడేది అదే, అయస్కాంతం అంటుకుంటుంది కాబట్టి దాన్ని 304తో పోల్చి గుర్తుపట్టడం తేలిక. జింక్ పూత ఉన్న నీళ్ల పైపులు మాత్రం దయచేసి ఎవరూ వాడొద్దు. వెల్డింగ్ వేడికి జింక్ పొగ అవుతుంది, అది పీలిస్తే రాత్రికల్లా చలిజ్వరం పట్టుకుంటుంది.

వంపుల కోసం పైపు వంచే మిషన్ నా దగ్గర లేదు. మామూలు మిషన్ మీద వంచితే వంపు దగ్గర పైపు నొక్కుకుపోయి లోపల సన్నబడుతుంది. అందుకని లోపల మాండ్రెల్ (పైపు నొక్కుకుపోకుండా ఆపే దిమ్మ) పెట్టి వంచిన యూ ఆకారం బెండ్లు, 45 డిగ్రీల బెండ్లు, కొన్ని నిలువు పైపులు తెచ్చుకుని కావాల్సిన కోణానికి కోసి అతుక్కుంటూ పోవాలి. ఒక యూ బెండ్‌లోంచి 30 డిగ్రీల ముక్క, 20 డిగ్రీల ముక్క, అలా ఎన్నయినా తీయొచ్చు.

కొయ్యడం దగ్గరే సగం పని ఉంది. గుండ్రటి పైపుని గ్రైండర్‌తో నిటారుగా కొయ్యడం కళ్లతో చూసి అయ్యే పని కాదు. నేను చేసింది ఏంటంటే పైపు చుట్టూ వెడల్పాటి హోస్ క్లాంప్ బిగించి, దాని అంచుని ఆనుకుని మార్కర్‌తో గీత గీసి, క్లాంప్ అలాగే ఉంచి దాని పక్కనే 1 మిల్లీమీటర్ డిస్క్‌తో చుట్టూ పల్చగా ఒక గాడి పెట్టి, తర్వాత ఆ గాడి వెంటే పూర్తిగా కోసేయడం. కోసిన అంచుని ఆకురాయితో రుద్ది, లోపలి పొలుసు తీసేసి, రెండు ముక్కలూ ఎదురెదురు పెట్టి వెనక లైటు పెట్టి చూసేవాణ్ణి. వెలుతురు గీత సన్నగా చుట్టూ ఒకేలా ఉంటే సరే, ఒకవైపు వెడల్పుగా కనిపిస్తే మళ్లీ ఆకురాయి. ఈ ఓపిక లేకపోతే వెల్డింగ్ దగ్గర ఏడుపే, 1.6 మిల్లీమీటర్ల పైపులో 2 మిల్లీమీటర్ల సందు నింపబోతే కరిగి చిల్లు పడిపోతుంది. నాకు మొదటి మూడు అతుకుల్లో అదే జరిగింది.

వెల్డింగ్‌కి 0.6 మిల్లీమీటర్ల ఈఆర్70ఎస్-6 వైరు, 75 శాతం ఆర్గాన్ 25 శాతం కార్బన్ డయాక్సైడ్ గ్యాసు. అల్యూమినియం పూత ఉన్న పైపు కాబట్టి అతుకు పక్కన రెండు వైపులా వేలు వెడల్పు మేర పూత గీకేశా, లేకపోతే వెల్డింగ్‌లో బుడగలు వస్తాయి. పైపు తుడవడానికి బ్రేక్ క్లీనర్ మాత్రం వాడలేదు, క్లోరిన్ ఉన్న రకాలు వెల్డింగ్ వేడి తగిలితే ఫాస్జీన్ అనే ప్రాణాంతకమైన విషవాయువు పుడుతుంది. అసిటోన్‌తో తుడిచి, అది పూర్తిగా ఆరాక, డబ్బా దూరంగా పెట్టాకే నిప్పు పుట్టించేవాణ్ణి.

అసలు భయం పెట్రోల్ ట్యాంకు. ఈ మోడల్ సి10లో ట్యాంకు వెనకెక్కడో కాదు, క్యాబిన్ లోపల సీటు వెనకే ఉంటుంది. అంటే నేను కింద పడుకుని నిప్పురవ్వలు లేపుతుంటే సరిగ్గా పైన పెట్రోల్. ట్యాంకు ఖాళీ చేస్తే చాలు అనుకోవడం చాలా పెద్ద పొరపాటు, ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరికి గాలి కలిసి ఇంకా ప్రమాదం. నేను ట్యాంకు మొత్తం విప్పి బయట దూరంగా పెట్టేశా, పెట్రోల్ లైను మూతలు వేశా. బ్యాటరీ రెండు వైర్లూ తీసేశా, లేకపోతే ఆల్టర్నేటర్‌లో డయోడ్లు పోతాయి. ఎర్త్ క్లాంప్ ఎప్పుడూ వెల్డ్ చేసే పైపు మీదే. పక్కన నిప్పు ఆర్పే సిలిండరు, తడి గోనె, పని అయ్యాక కూడా అరగంట అక్కడే కూర్చుని చూడటం.

ముందు ముక్కల్ని ట్యాక్‌లతో (తాత్కాలికంగా పట్టుకునే చిన్న వెల్డింగ్ చుక్కలతో) మాత్రమే అతికా, ఒక్కో అతుక్కి మూడు చుక్కలు. మానిఫోల్డ్ దగ్గర నుంచి మొదలుపెట్టి వెనక్కి. కుడి వైపు స్టార్టర్ మోటారు పైపు పక్కనే ఉంటుంది, దానికి వేడి తగిలితే బాగా నడిపి ఆపాక మళ్లీ స్టార్ట్ అవ్వదు, అందుకని పైపుని వీలైనంత బయటకి జరిపి మధ్యలో రేకు అడ్డం పెట్టా. అదే వైపు గేర్‌బాక్స్ వెనక వ్యాక్యూమ్ మాడ్యులేటర్‌కి (ఇంజిన్ లోడుని బట్టి గేర్లు ఎప్పుడు మారాలో సర్దే భాగం) పోయే రబ్బరు ట్యూబు ఉంది, అది కరిగితే గేర్లు మారే తీరే చెడిపోతుంది. ఎడమ వైపు గేర్ లింకేజీ. తర్వాత గేర్‌బాక్స్ క్రాస్ మెంబర్ (ఛాసిస్‌కి అడ్డంగా ఉండే దూలం), దాని వెనక ట్రైలింగ్ ఆర్మ్‌లు (వెనక ఇరుసుని ఛాసిస్‌కి కలిపే చేతులు) పట్టుకునే ఇంకో క్రాస్ మెంబర్, ఈ మోడల్‌కి వెనక కట్టలు కాకుండా కాయిల్ స్ప్రింగులు కాబట్టి పొడవాటి ఆర్మ్‌లు ఛాసిస్ మధ్య దాకా వస్తాయి. వాటి మధ్య నుంచి సందు చూసుకుంటూ పోవడం. బాడీకి కనీసం 25 మిల్లీమీటర్లు, బ్రేక్ లైనుకీ పెట్రోల్ లైనుకీ ఇంకా ఎక్కువ దూరం. బావమరిది కిందకి దూరి పైపు పట్టుకుంటే నేను ట్యాక్ కొట్టేవాణ్ణి, "బావా, ఇంకొంచెం పైకా కిందకా" అంటూ సాయంత్రాలు సాయంత్రాలు గడిచిపోయాయి.

ఇక నేను చేసిన అతి పెద్ద తప్పు. బండిని ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి లేపా. అలా లేపితే పని చేసుకోవడానికి బోలెడు చోటు, బాగానే ఉంది. కానీ అప్పుడు వెనక ఇరుసు స్ప్రింగుల నుంచి కిందకి వేలాడుతూ ఉంటుంది. నేను ఆ వేలాడే ఇరుసు మీదుగానే పైపు వంపు తిప్పా, ఇరుసుకీ పైపుకీ మధ్య నాలుగు వేళ్లు పట్టే సందు ఉందని మురిసిపోయా. రెండు వైపులా కలిపి తొమ్మిది ముక్కలు, ఒక్కోటి ఆకురాయితో రుద్ది రుద్ది సరిచేసినవి. అన్నీ ట్యాక్ అయ్యాక చూద్దామని బండిని చక్రాల మీదకి దింపుతున్నా, జాకీ సగం దిగేసరికి వెనక నుంచి కిర్రుమని శబ్దం. ఇరుసు పైకి వచ్చి నేరుగా పైపు కడుపులో తగిలింది. ఇంకా దింపితే ట్యాక్‌లు పటపటా తెగిపోయాయి.

ఆ రోజు ఇంక పనిముట్లు ముట్టుకోలేదు. తప్పు కొలతల్లో లేదు, పైపుని కదలని వస్తువు అనుకోవడంలో ఉంది. ట్రక్కు కింద ఏదీ నిలకడగా ఉండదు, ఇరుసు పైకీ కిందకీ ఆడుతుంది, ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద పక్కకి ఒరుగుతుంది, పైపు వేడికి సాగుతుంది. ఇవన్నీ ముందే అనుకుని చోటు వదలాలి. మర్నాడు స్టాండ్లు ఛాసిస్ కింద నుంచి తీసి ఇరుసు కిందే పెట్టా, అప్పుడు బండి బరువు స్ప్రింగుల మీద పడి అసలు ఎత్తులో నిలబడింది. ఇరుసు మీద, అది ఛాసిస్‌ని గుద్దకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుకీ ఛాసిస్‌కీ మధ్య ఎంత దూరం ఉందో కొలిచా, ఇరుసు అంతకన్నా పైకి రాదు కదా, ఆ కొలతకి ఇంకో 25 మిల్లీమీటర్లు కలిపి పైపు ఎత్తు పెట్టా. తొమ్మిది ముక్కల్లో నాలుగే మళ్లీ పనికొచ్చాయి.

ట్యాక్ అయిన లైనుని సెక్షన్లుగా విప్పి బల్ల మీద పెట్టి పూర్తి వెల్డింగ్ చేశా. ఇక్కడ ఒకే చోట మొదలుపెట్టి చుట్టూ ఒకేసారి లాగేయకూడదు, వెల్డింగ్ చల్లారుతూ ముడుచుకుంటుంది, పైపుని అటువైపుకి లాగేస్తుంది. అరచుట్టు కూడా కాదు, పావు చుట్టు వేసి, ఎదురు వైపు పావు, మళ్లీ పక్క పావు. ఫ్లాంజ్‌లని మందపాటి ఇనప పలకకి బోల్టులతో బిగించాకే వెల్డ్ చేశా. అయినా ఒకటి కొంచెం వంకర పోయింది, గాజు పలక మీద గరుకు కాగితం పరిచి ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ అరిగిస్తే సమంగా వచ్చింది.

రెండు పైపుల మధ్య అడ్డంగా ఒక పైపు కలిపా, దాన్నే హెచ్ పైపు అంటారు. ఎందుకంటే ఈ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-8-4-3-6-5-7-2. ఎడమ వైపు బేసి అంకెలు, కుడి వైపు సరి అంకెలు. చదివి చూడండి, 8 తర్వాత 4, రెండూ కుడి వైపే. 5 తర్వాత 7, రెండూ ఎడమ వైపే. అంటే ఒక్కో పైపులోకి పొగ సమానంగా కాకుండా ఒక్కోసారి రెండు దెబ్బలు వెంటవెంటనే వస్తాయి, వీ8లో మనం ఇష్టపడే ఆ గుడగుడ శబ్దం పుట్టేది అక్కడే. మధ్యలో దారి ఇస్తే ఆ ఒత్తిడి రెండో పైపులోకి కూడా పంచుకుంటుంది, శబ్దం కాస్త గంభీరంగా మారుతుంది, కిందిస్థాయి లాగుడు మెరుగవుతుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి పాతకాలం వాళ్ల చిట్కా ఒకటుంది, పైపుల పొడవునా మామూలు పెయింట్ గీత వేసి ఇంజిన్ నడిపితే ఎక్కడ ఎక్కువ కాలిపోతుందో అక్కడ పెట్టమంటారు. నా బండిలో గేర్‌బాక్స్ వెనక జాయింట్ షాఫ్ట్ (వెనక ఇరుసుని తిప్పే కడ్డీ) కింద ఒక్కచోటే స్థలం ఉంది, అక్కడే పెట్టా, ఆ చిట్కా పరీక్షించే అవకాశం రాలేదు. హెచ్ పైపుకి మధ్యలో క్లాంప్ జాయింట్ మాత్రం తప్పకుండా పెట్టుకోండి, లేకపోతే రేపు గేర్‌బాక్స్ దింపాలంటే ఎగ్జాస్ట్ కొయ్యాల్సి వస్తుంది.

క్లాంపుల మాట వచ్చింది కాబట్టి, యూ బోల్టు క్లాంపులు వాడకండి. అవి పైపుని నొక్కి గాడి పెట్టేస్తాయి, తర్వాత ఆ అతుకు విడదీయడం ఎవరి వల్లా కాదు. వెడల్పాటి బ్యాండ్ క్లాంపులు పెట్టి, ఒక పైపు ఇంకో పైపులోకి రెండంగుళాలు దూరేలా చేస్తే చాలు.

సైలెన్సర్లు లోపల చిల్లుల గొట్టం, చుట్టూ ఫైబర్ నింపిన తిన్నటి రకం. బిగించే ముందు ఒక్కోదాని అడుగున బాగా కింద ఉండే చోట 3 మిల్లీమీటర్ల చిల్లు పెట్టా. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా బయటకి వస్తాయి, చల్లటి సైలెన్సర్‌లో అది నీరై నిలబడుతుంది, దగ్గర దగ్గర తిరిగే బండ్లకి సైలెన్సర్ లోపల నుంచి తుప్పు పట్టేది అందుకే. ఎడమ పైపులో మానిఫోల్డ్ తర్వాత ఆక్సిజన్ సెన్సర్ కోసం ఒక మర బుష్ కూడా వెల్డ్ చేశా, పైకి చూసేలా, నీళ్లు సెన్సర్ మీద నిలవకుండా. ఈ బండి 1975 ముందుది, కాటలిటిక్ కన్వర్టర్ (పొగలో విషవాయువుల్ని తగ్గించే డబ్బా) అసలు లేదు, కానీ కార్బ్యురేటర్ జెట్లు సరిచేసుకోవడానికి ఆ సెన్సర్ చాలా పనికొచ్చింది.

మొదటిసారి ఇంజిన్ వేసే ముందు లీక్ టెస్ట్. వ్యాక్యూమ్ క్లీనర్ గాలి ఊదే వైపు గొట్టాన్ని ఒక టెయిల్ పైపులో పెట్టి చుట్టూ గుడ్డ కుక్కి, రెండో టెయిల్ పైపు మూసేసి, అతుకులన్నిటి మీద సబ్బు నీళ్లు చల్లా. పదిహేడు అతుకుల్లో నాలుగింటి దగ్గర బుడగలు. ఒకటి సూది మొన అంత, అయినా బుడగ గోలీకాయంత పొంగింది. వాటిని గ్రైండ్ చేసి మళ్లీ వేశా. ఈ చిన్న లీకులు వదిలేస్తే చల్లటి ఇంజిన్ వేయగానే టిక్ టిక్ అని వాల్వు శబ్దంలా వినిపిస్తుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు బయట గాలి లోపలికి లాగి టపటపా పేలుతుంది, సెన్సర్ కూడా పెట్రోల్ మిక్స్చర్ పల్చగా ఉందని అబద్ధం చెప్తుంది.

తర్వాత ట్యాంకు తిరిగి బిగించి, బండిని ఆరుబయట పెట్టి తాళం తిప్పా. ఆ మొదటి శబ్దం గురించి ఎంత రాసినా తక్కువే. లోతుగా, నిదానంగా, గుండెల మీద చేయి పెట్టినట్టు. కొత్త పైపు మీద నూనె కాలి పొగ వస్తుంటే బావమరిది కంగారుపడ్డాడు, పది నిమిషాల్లో అదే తగ్గింది.

కానీ రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగం దగ్గర, 1800 ఆర్‌పీఎం చుట్టూ క్యాబిన్ అంతా ఒకటే హోరు. చెవుల్లో కాదు, పుర్రెలో మోగుతున్నట్టు. లెక్క చూస్తే 1800 అంటే సెకనుకి 30 చుట్లు, చుట్టుకి నాలుగు ఫైరింగులు, సెకనుకి 120. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టి చూస్తే సరిగ్గా అక్కడే శిఖరం. దీనికి మందు ఏంటంటే మెయిన్ పైపు నుంచి ఒక కొమ్మలాగా చివర మూసేసిన పైపు కలపడం. శబ్దం అందులోకి పోయి మూసిన చివర తగిలి తిరిగి వచ్చేసరికి సగం అల ఆలస్యమై, ఎదురొచ్చే అలని కొట్టేస్తుంది. పొడవు ఆ అల పొడవులో నాలుగో వంతు ఉండాలి. వేడి వాయువులో శబ్దం వేగంగా పోతుంది, 200 డిగ్రీల దగ్గర సెకనుకి 435 మీటర్ల దాకా, దాన్ని 480తో, అంటే 120కి నాలుగు రెట్లతో, భాగిస్తే 90 సెంటీమీటర్లు. ట్యాంకు క్యాబిన్‌లో ఉండటం వల్ల తొట్టి కింద ఛాసిస్ ఖాళీ, ఆ కొమ్మ పైపులు రెండు వైపులా బాగా పట్టాయి. చివరని జరిపేలా స్లిప్ జాయింట్ పెట్టి, కొంచెం లాగి నడిపి, కొంచెం తోసి నడిపి, 94 దగ్గర హోరు దాదాపు మాయమైంది. ఆ తర్వాతే చివర మూత శాశ్వతంగా వెల్డ్ చేశా. ఈ ఒక్క పనికి పట్టిన ఆదివారాలు మూడు, ఒక్కటీ వృథా అనిపించలేదు.

అయినా ఒక దెబ్బ మిగిలే ఉంది. రెండు నెలలకి మళ్లీ టిక్ టిక్ మొదలైంది. కిందకి దూరి చూస్తే ఎడమ వైపు మొదటి హ్యాంగర్ (పైపుని ఛాసిస్‌కి వేలాడదీసే పట్టు) ముందున్న అతుకు పక్కన వెంట్రుకంత చీలిక. వెల్డింగ్ మీద కాదు, వెల్డింగ్ అంచున పైపులోనే. కారణం హ్యాంగరే. మిగతా అన్నిటికీ రబ్బరు పెట్టి, చోటు చాలక అక్కడ ఒక్కచోట మాత్రం పైపుని ఇనప పట్టీతో నేరుగా ఛాసిస్‌కి బిగించేశా. ఇంజిన్ ఒరిగిన ప్రతిసారీ ఆ ఒక్క అతుకే వంగి లేచి, వంగి లేచి అలిసిపోయింది. ఇరుసు దగ్గర నేర్చుకున్న పాఠాన్నే ఇక్కడ మళ్లీ మర్చిపోయా. చీలిక చివరలు సాగకుండా చిన్న చిల్లులు పెట్టి, గాడి తీసి వెల్డ్ చేసి, పట్టీ పీకేసి, గేర్‌బాక్స్ మౌంట్ పక్క నుంచి ఒక చేయి దింపా, అంటే అక్కడ పైపు ఇప్పుడు ఇంజిన్‌తో పాటే కదులుతుంది. దాని వెనక నుంచి చివరి దాకా అన్నీ రబ్బర్లే.

మొన్న ఒక పని చేశా. బండి చల్లగా ఉన్నప్పుడు టెయిల్ పైపు మీద ఒక సుద్ద గీత, దాని ఎదురుగా ఛాసిస్ మీద ఒక సుద్ద గీత గీశా. స్టీల్ మీటరుకి ప్రతి 100 డిగ్రీలకి 1.2 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది, మానిఫోల్డ్ నుంచి వెనక దాకా నాలుగు మీటర్ల పైపు, సగటున 250 డిగ్రీలు వేడెక్కితే 12 మిల్లీమీటర్లు జరగాలి. గంట నడిపి వచ్చి కింద పడుకుని స్కేలు పెడితే 10. రబ్బర్లన్నీ వెనక్కి కొంచెం వాలి ఉన్నాయి, ఎక్కడా ఏదీ ఒరుసుకోలేదు. లోహం చల్లారుతూ టింగ్ టింగ్ మంటుంటే అక్కడే ఉండిపోయా. ముప్పావు గంటకి గీతలు రెండూ మళ్లీ ఎదురెదురుగా వచ్చాయి.